ఇల్లు మారుతుంటే ఇంట్లో తుపాకీ సంగతేమిటి?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకూ మా ఆవిడకూ గ్రీన్ కార్డులున్నాయి. ఇంట్లో గ్లాక్ 19 పిస్టల్ ఒకటి, ఏఆర్-15 రైఫిల్ ఒకటి ఉన్నాయి. ఉద్యోగరీత్యా వచ్చే నెల న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారుతున్నాం. రెండూ కారులో పెట్టుకుని వెళ్లిపోవచ్చా?

జవాబు: గ్లాక్‌ను తీసుకెళ్లవచ్చు, దానితో వచ్చిన మ్యాగజైన్లను (తూటాలు నింపి తుపాకీలో అమర్చే పెట్టెలను) మాత్రం కాదు. ఏఆర్-15ను టెక్సాస్ దాటించకండి.

గ్లాక్ 19తో మామూలుగా ఇచ్చే మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. న్యూజెర్సీలో పరిమితి 10. తూటాలు నింపకపోయినా, ఖాళీ మ్యాగజైన్ అటక మీద పెట్టెలో ఉన్నా నేరమే. 18 నెలల దాకా జైలు పడవచ్చు. అదే మోడల్‌కు 10 తూటాల మ్యాగజైన్లు దొరుకుతాయి. బయలుదేరకముందే అవి కొని, పాతవి టెక్సాస్‌లోనే అమ్మేయండి. షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగు అడుగున, నైట్‌స్టాండ్ సొరుగులో, కారు సీటు కింద కూడా వెతకండి. చాలామంది మరచిపోయేది ఇక్కడే.

టెక్సాస్‌లో మామూలుగా అమ్మే రూపంలోని ఏఆర్-15 న్యూజెర్సీ చట్టంలో 'అసాల్ట్ ఫైర్‌ఆర్మ్' కిందికి, అంటే నిషేధించిన ఆయుధాల కిందికి వస్తుంది. ఈ నిషేధం మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి కాబట్టి బయలుదేరే వారంలో న్యూజెర్సీ స్టేట్ పోలీసు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. అందులో స్పష్టంగా అనుమతి కనబడితే తప్ప రైఫిల్‌ను టెక్సాస్‌లోనే లైసెన్సున్న డీలరుకు అమ్మడం మంచిది. 'ఎడిసన్‌లో ఉంటున్న స్నేహితుడికి ఇచ్చేస్తాను' అనుకోకండి. వేరే రాష్ట్రంలో ఉండే వ్యక్తికి డీలరు ప్రమేయం లేకుండా తుపాకీ ఇవ్వడం ఫెడరల్ నేరం, డబ్బు తీసుకోకపోయినా సరే.

ఇక ప్రయాణం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ లేకుండానే తుపాకీ వెంట పెట్టుకు తిరగవచ్చు కదా, ఆ అలవాటు దారిలో పనికిరాదు. టెక్సాస్ క్యారీ లైసెన్సును న్యూజెర్సీ అసలు గుర్తించదు. మీకు రక్షణ 1986 నాటి ఫెడరల్ చట్టం ఒక్కటే. బయలుదేరే చోటా చేరే చోటా ఆ తుపాకీ మీ దగ్గర ఉండటం చట్టబద్ధమైతేనే అది వర్తిస్తుంది. తుపాకీలో తూటాలుండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు. సెడాన్ అయితే డిక్కీలో పెట్టండి. ఎస్‌యూవీకి విడిగా డిక్కీ ఉండదు కాబట్టి తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి వెనకాల సామాన్ల మధ్య ఉంచండి. గ్లవ్ బాక్సుకు, సీట్ల మధ్య కన్సోల్‌కు తాళం వేసినా లెక్కలోకి రావు.

దారిలో రాత్రి హోటల్లో బస చేయాల్సివస్తే తూర్పు రాష్ట్రాల్లో కాకుండా, టెనెసీ లాంటి చోటే చేయండి. 2005లో ఉటాకు చెందిన ఒక ప్రయాణికుడు విమానం తప్పిపోయి, తాళం వేసిన పెట్టెలో తుపాకీతో నెవార్క్ దగ్గర హోటల్లో ఒక రాత్రి ఉన్నాడు. మర్నాడు విమానాశ్రయంలో తానే చెప్పి చూపించినా అరెస్టు చేశారు. రాత్రంతా తుపాకీ అతని చేతికి అందేలా ఉంది కనుక ఫెడరల్ రక్షణ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది.

సామాన్లు మూవర్స్‌కు అప్పగిస్తుంటే, అందులో తుపాకీ ఉందని రాతపూర్వకంగా చెప్పి తీరాలి. చాలా కంపెనీలు తీసుకోవు, అడిగి తెలుసుకోండి.

చేరాక 60 రోజుల్లోగా ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు (తుపాకీ కొనేవారికి ఇచ్చే గుర్తింపు కార్డు) తీసుకుని, బయటి రాష్ట్రంలో కొన్న తుపాకీని నమోదు చేయించాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, మీ ఊరి పోలీసు శాఖ ద్వారా నడుస్తుంది. వేలిముద్రలు, మీ గురించి చెప్పగల ఇద్దరు పెద్దల వివరాలు, మానసిక ఆరోగ్య రికార్డులు చూసేందుకు అంగీకార పత్రం, భద్రతా శిక్షణ పూర్తిచేసిన రుజువు అడుగుతారు. వీటికి సమయం పడుతుంది, దిగిన వారంలోనే మొదలుపెట్టండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. అమెరికా పౌరుడికి ఆయుధ నేరమంటే జరిమానా, జైలు. గ్రీన్ కార్డుదారుకు తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. కేసు పడితే, నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఆ కాగితం చూపించండి.

ప్రశ్న: మా తమ్ముడు హెచ్-1బి మీద మాతోనే ఉంటున్నాడు. సామాన్ల ట్రక్కు వాడు నడుపుతాడు, తుపాకీ అందులో పెట్టవచ్చా?

జవాబు: వద్దు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. 15 ఏళ్ల దాకా జైలు పడే నేరం. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చినా వీసా హోదా మారదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, అది లేకుండా సరదాకు షూటింగ్ రేంజ్‌లో తుపాకీ పట్టుకున్నా నేరమే. తుపాకీ మీ కారులో, మీ అధీనంలోనే ఉండాలి. ఇంట్లోని గన్ సేఫ్ కోడ్ కూడా తమ్ముడికి చెప్పకండి. తెరవగలిగితే అది అతని అధీనంలోనూ ఉన్నట్టేనని వాదించే వీలుంటుంది.

ప్రశ్న: మేం న్యూజెర్సీకి కాదు, కాలిఫోర్నియాకు వెళ్తున్నాం. అదే పద్ధతా?

జవాబు: 10 తూటాల పరిమితి, ఏఆర్-15 ఇబ్బంది అక్కడా ఉన్నాయి. తుపాకీ రాష్ట్రంలోకి తెచ్చిన 60 రోజుల్లోగా కాలిఫోర్నియా న్యాయ శాఖకు కొత్త నివాసుల ఫారం పంపాలి, రుసుము 19 డాలర్లు. అక్కడి డీలర్లు అమ్మడానికి అనుమతి లేని హ్యాండ్‌గన్ మోడల్ అయినా, మీ సొంతదైతే అలా తెచ్చుకుని నమోదు చేసుకోవచ్చు.