కొమ్ము వెచ్చగా ఉందని వ్రాశావు గనుక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రెండవసారి చదివించినది ఇష్టం కాదు, చిరాకు. డెన్మార్కు రాజుగారి లాయంలోని నీ ఒంటికొమ్ము గుర్రానికి మొదటి పుటలో మెలి తిరిగిన కొమ్ము ఉంటుంది. మూడవ ప్రకరణంలో అది విరుగుతుంది. ఏడవ ప్రకరణానికి మళ్ళీ మొలుస్తుంది. చివరికి దాన్ని అరగదీసి, విషానికి విరుగుడని రాజుగారి చేత త్రాగిస్తారు. ఒకే కొమ్ములో మూడు నాలుగు జంతువులను ఇరికించావని నీకు తట్టలేదా?

మెలి తిరిగేది నార్వాల్ అనే తిమింగలానిది. అది కొమ్ము కాదు, పన్ను. సాధారణంగా మగదానికి పై దవడలోని ఎడమ పన్ను పెదవిని చీల్చుకొని, ఎడమకు మెలి తిరుగుతూ, దాదాపు 3 మీటర్ల వరకు పెరుగుతుంది. ఐరోపా రాజులు ఏకశృంగి కొమ్మనుకొని బంగారం పోసి కొన్నది ఈ పంటినే. డెన్మార్కు వైద్యుడు ఓలె వోర్మ్ 1638లోనే ఆ గుట్టు విప్పాడు. అయినా అదే దేశంలో, ఆ తరువాతనే, 1671 నాటికి ఆ దంతాలతో రాజుకు సింహాసనం తయారైంది. కోపెన్‌హాగన్‌లోని రోసెన్‌బోర్గ్ కోటలో ఇప్పటికీ ఉంది. నిజం తేలిన ముప్పై ఏళ్ళకు అబద్ధం మీద దర్జాగా కూర్చున్న రాజు నీ కథ జరిగే ఊళ్ళోనే ఉంటే, నీవు అతనివైపు కన్నెత్తి చూడలేదు.

ఇక విరిగి మళ్ళీ మొలవడం. ఏటేటా రాలి మొలిచేది దుప్పి కొమ్ము. అది పూర్తిగా ఎముక, పెరిగే రోజుల్లో దానిమీద నూగుచర్మం ఉంటుంది. కోసినా మళ్ళీ పెరిగేది ఖడ్గమృగం కొమ్ము. అందులో ఎముక లేనే లేదు, మన గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే కెరటినే గట్టిగా పేరుకొని ఉంటుంది. నీ రాజుగారు త్రాగినది అదే అయితే, పాపం, గోటిపొడి త్రాగాడు.

ఇవన్నీ క్షమించి కథ మడిచి పెట్టేవాణ్ణే, కాని లాయం కుర్రవాడు చీకట్లో కొమ్ము మొదలు దగ్గర చేయి వేసి, "వెచ్చగా ఉంది" అని ఉలిక్కిపడే వాక్యం ఒకటి వ్రాశావు. ఆ వాక్యం బాగుంది. అది ఎద్దు కొమ్ము. ఎద్దు కొమ్ముకు పైన కెరటిన్ డొప్ప, లోపల నెత్తురు పారే ఎముక ఉంటాయి గనుక మొదలు వెచ్చగానే తగులుతుంది. ఆ ఒక్క చోట నీ చేతికి తెలిసినది మిగతా కథలో నీ బుద్ధికి తెలియలేదు.

నా పదకొండవ ఏట మా ఎడమపక్క ఎద్దు, బండి బోల్తాపడి, కొమ్ము విరగ్గొట్టుకుంది. నెత్తురు కొమ్ము నుంచే కాక, అదే వైపు ముక్కు రంధ్రం నుంచి కూడా ధారగా కారింది. మా నాన్న భయపడి దాని తల ఒడిలోకి తీసుకున్నాడు. పెద్ద ఎద్దు కొమ్ములోని ఎముక బోలుగా ఉంటుందనీ, ఆ బోలు నుదుటి లోపలి గాలిగదితో, అక్కడి నుంచి ముక్కుతో కలుస్తుందనీ పశువుల డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. నా తొలి కథ అదే. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ ముక్కు నెత్తురు ఒక్కటీ కొట్టివేసి, "పాఠకుడికి పశువైద్యం ఎందుకు?" అని అంచున వ్రాసి అచ్చువేశాడు. కథలో మిగిలింది ఏడుపు మాత్రమే. నలభై ఏళ్ళయింది, ఆ ఎర్ర సిరా నాకింకా కనబడుతూనే ఉంది. ఇప్పటి సంపాదకులు కొట్టివేయరు. ఏది ఎలా ఉన్నా "మ్యాజిక్ రియలిజం" అని భుజం తట్టి పంపిస్తారు. వాడే నయం, కనీసం చదివాడు.

ఊహాకథకు ఈ లెక్కలెందుకని అడుగుతావు. కుందేటి కొమ్మును సాధించేవాడికే ఆ కొమ్ము దేనితో చేసినదో మరింత బాగా తెలియాలి. చీలిన గిట్టల జంతువుకు నుదుటి ఎముక రెండు చెక్కలనీ, ఆ అతుకు మీద ఒంటికొమ్ము మొలవదనీ ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు క్యువియే తీర్పు చెప్పాడు. అయితే దూడ పుట్టినప్పుడు కొమ్ము మొగ్గలు చర్మంలోనే ఉంటాయి, ఎముకకు ఇంకా అతుక్కోవు గనుక, 1933లో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ డవ్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒక్కరోజు వయసున్న దూడకు ఆ రెండు మొగ్గలనూ నుదుటి నడుమకు జరిపాడు. అవి కలిసిపోయి ఒకే కొమ్ము మొలిచింది. మాయ చేసినవాడికి మొగ్గ ఎక్కడుంటుందో తెలుసు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ అడిగావు. అవి మరోసారి చూద్దాం. మెలి తీసివేయి. ఏడవ ప్రకరణం తీసివేయి. ఎముకతో సహా విరిగిన ఎద్దు కొమ్ము మళ్ళీ మునుపటిలా మొలవదు. ముందుగా మూడవ ప్రకరణం తిరగవ్రాసి పంపు: కొమ్ము విరిగిన ఆ రాత్రి గుర్రం ముక్కు నుంచి నెత్తురు కారిందా? లాయం కుర్రవాడు దాన్ని దేనితో తుడిచాడు?