ఘాట్ రోడ్డు దిగేటప్పుడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: తిరుమల పాత ఘాట్ రోడ్డులో దిగుతుంటే సగం దారిలో మాడు వాసన వచ్చింది. బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోయింది. కారుకి మొన్ననే సర్వీసు అయింది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, నంద్యాల

జ: బండిలో కన్నా దించిన తీరులోనే ఉండి ఉంటుంది. పై గేరులో ఉంచి, బ్రేకు మీంచి కాలు తీయకుండా దిగితే చక్రంతో పాటు తిరిగే డిస్కులు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు విపరీతంగా వేడెక్కుతాయి. ఆ వాసన వాటిదే. ఆ వేడి, పెడల్ ఒత్తిడిని చక్రానికి చేర్చే బ్రేకు ఆయిల్‌కి పాకితే ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. మీ కాలి ఒత్తిడంతా బుడగలు నలగడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తలో 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక 155కే మరగొచ్చు. రెండేళ్లకోసారి మార్చాలి. సర్వీసు బిల్లులో అది ఉందో లేదో చూడండి.

ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే వేయండి, మామూలుగా రెండు లేదా మూడు. మలుపుకి ముందే గేరు తగ్గించాలి, మలుపులో క్లచ్ తొక్కకూడదు. బ్రేకు కాసేపు గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదలండి. డిస్కు చల్లారేది ఆ వదిలిన క్షణాల్లోనే. ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దించడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంజిన్ ఆగితే బ్రేకుకి సాయపడే వాక్యూమ్ (ఇంజిన్ గాలి లాగడం వల్ల వచ్చే పీల్పు) రెండు మూడు నొక్కులకే అయిపోతుంది.

వాసన వస్తే వెడల్పైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డుపెట్టి అరగంట ఆగండి. నీళ్లు పోయకండి, డిస్కు వంకరపోతుంది. చల్లారాక కూడా పెడల్ గట్టిపడకపోతే బండి కదపొద్దు, మెకానిక్‌ని పిలవండి.

ప్ర: తిరుమల ఘాట్ రోడ్డుకి ఇన్ని మలుపులెందుకు? సూటిగా వేయలేరా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జ: తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 20 మీటర్లకి ఒక మీటరు చొప్పున ఎక్కాలంటే 14 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండ వాలులో సూటిగా అంత పొడవు దొరకదు కాబట్టి రోడ్డుని వెనక్కి తిప్పుతారు. తిప్పిన చోట లోపలి అంచున దూరం తక్కువ, ఎక్కాల్సిన ఎత్తు మాత్రం అంతే. అందుకే అక్కడ బస్సు మూలుగుతుంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన, ఇలా వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపు దగ్గర వాలు 40 మీటర్లకి ఒక మీటరు మించకూడదు, లోపలి వ్యాసార్ధం 14 మీటర్లకు తగ్గకూడదు.

ప్ర: పాడేరు ఘాట్‌లో ఇరుకు చోట బండి ఎదురైతే ఎవరు ఆగాలి?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జ: దిగేవారు. ఎక్కే బండి ఆగితే మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారుతుంది, బరువున్న లారీ అయితే మరీనూ.