నాగా దావ్ గోడకి తగిలిస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి అండి. కోహిమా దగ్గర కిసామాలో జరిగే హార్న్‌బిల్ ఫెస్టివల్‌కి వెళ్ళినప్పుడు ఒక నాగా దావ్ (నాగాలు వాడే పెద్ద కత్తి) కొన్నాను, ఒర ఒక పక్కే చెక్క, రెండో పక్క తెరిచి ఉండి అడ్డంగా పట్టీలు. హాల్లో గోడకి పెట్టాను. ఇలాంటి ఒరే ఉన్న తైవాన్ ఆదివాసీల కత్తి ఒకటి ఆన్‌లైన్ వేలంలో కనపడింది, తెప్పిద్దామనుకుంటున్నా. మా బావగారేమో ఆయుధాలు ఇంట్లో ఉంటే లోపలేస్తారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ బావగారు చెప్పింది సగం నిజమండి, ఆ సగం కూడా గోడ మీదున్న కత్తి గురించి కాదు, రాబోయే కత్తి గురించి.

1959 ఆయుధాల చట్టంలో ఆర్మ్స్ అంటే తుపాకులొక్కటే కాదు, పదునున్న మారణాయుధాలు కూడా వస్తాయి, కానీ కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైనవి రావని అదే సెక్షన్లో రాసుంది. 2016 ఆర్మ్స్ రూల్స్ షెడ్యూల్లో ఐదో కేటగిరీ చూడండి, ఖడ్గాలు, బాకులు, ఈటెలు, ఇంకా బ్లేడు 9 అంగుళాల కన్నా పొడుగో 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులు అని ఉంటుంది, అక్కడా ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమ పనులకి చేసినవాటిని వదిలేశారు. దావ్ పిడి దగ్గర సన్నగా ఉండి కొసకొచ్చేసరికి వెడల్పవుతుంది కదా, టేపు పెడితే కొలత దాటే ఛాన్సే ఎక్కువ. అయినా అక్కడివాళ్ళు నడుం వెనక ఆ ఒర కట్టుకుని పోడుకి పోతారు, చెట్లు కొడతారు, వెదురు చీలుస్తారు, మాంసం కొడతారు. తలలు నరికిన చరిత్ర ఉన్నమాట కూడా నిజమే, కాదనను. కానీ చట్టం అడిగేది ఎందుకు తయారుచేశారని, కాబట్టి పనికత్తి అయితే మీ వాదన గట్టిదే, మన కొబ్బరిబోండాల కత్తి దీనికన్నా భయంగా ఉంటుంది, దానికెవరూ లైసెన్స్ అడగరు. ఎర్రరంగు వెంట్రుకలు కుచ్చులుగా కట్టి వేడుకల కోసం చేసిన దావ్ అయితే మాత్రం వ్యవసాయం మాట అంత తేలిగ్గా నిలబడదు.

ఇంకోటి, దీన్ని స్టేషన్లో చాలాసార్లు మర్చిపోతారు. తుపాకీ కాని ఆయుధాలకి లైసెన్స్ కావాలంటే సెక్షన్ 4 కింద ఆ ఏరియాకి, ఆ రకం ఆయుధానికి గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి. అది లేకుండా ఇంట్లో పెట్టుకున్నందుకే కేసు నిలవదు. మీ కమిషనరేట్ ఆర్మ్స్ లైసెన్సింగ్ బ్రాంచిలో రాతపూర్వకంగా అడిగి, వాళ్ళిచ్చే జవాబు ఫైల్లో పెట్టుకోండి. అయితే ఇంట్లో ఉండటం వేరు, చేతపట్టి బయట తిరగడం వేరు. ఊరేగింపుకో, రీల్స్ కోసమో తీసుకెళ్తే, ఆ టైంలో నిషేధాజ్ఞలుంటే నేను చెప్పిన వ్యవసాయం వాదనేమీ అక్కరకి రాదు.

ఇక తైవాన్ కత్తి. ఇక్కడ మాత్రం ఆగండి. విదేశాల నుంచి ఆయుధం తెప్పించాలంటే సెక్షన్ 10 కింద దిగుమతి లైసెన్స్ కావాలి, దీనికి ఏరియా నోటిఫికేషన్‌తో పనిలేదు. అటయాల్, పైవాన్ తెగల కత్తులు వేటకీ వాడారు, యుద్ధానికీ వాడారు, పార్శిల్ తెరిచిన కస్టమ్స్ ఆఫీసరు వ్యవసాయ పనిముట్టు అంటే నమ్ముతాడా? కస్టమ్స్ చట్టం సెక్షన్ 111 కింద జప్తు చేస్తారు, 112 కింద పెనాల్టీ పడుతుంది, వేలంలో కట్టిన డబ్బూ పోతుంది. కవరు మీద కిచెన్ నైఫ్ అని రాసి పంపిస్తానని అమ్మేవాడు అన్నాడంటే అసలే వద్దు, అప్పుడు తప్పుడు డిక్లరేషన్ కూడా మీ మెడకే చుట్టుకుంటుంది.

పాతవి కొనాలనుకుంటే కూడా చూసుకోండి, వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందకి రావచ్చు, దేశంలో కొనుక్కోవచ్చు గానీ అమెరికాలో ఉన్న తమ్ముడికి గిఫ్ట్‌గా పంపడం కుదరదు. వందేళ్ళు కాలేదని చెప్పి పంపాలన్నా ఆర్కియాలజీ వాళ్ళ సర్టిఫికెట్ ఉండాలి.

ఈశాన్య రాష్ట్రాల పాత ఒరల మీద ఎలుగుబంటి బొచ్చు, పులిపళ్ళు లాంటివి కట్టి ఉంటే ముట్టుకోకండి. వన్యప్రాణి చట్టం కేసు ఆయుధాల కేసు కన్నా చాలా కష్టం, బెయిల్ దగ్గర్నుంచే తిప్పలు మొదలవుతాయి. దావ్ కొన్న బిల్లుంటే దాచండి, లేకపోతే ఆ షాపు ఫోటో, యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్ అయినా ప్రింట్ తీసి పెట్టుకోండి.