జాయింట్ ఊడదు, చప్పుడు పోదు

ప్రశ్న: మేస్త్రిగారూ, మాది పర్లాకిమిడి. పాత టాటా సుమో ఉంది. మోహన వైపు ఘాటీ ఎక్కితే ముందు చక్రాల దగ్గర టకటకమంటోంది. ఇంట్లోనే విప్పుదామంటే లోయర్ బాల్ జాయింట్, అదే చక్రాన్ని కింది ఆర్మ్‌కి కలిపే గుండ్రటి కీలు, ఊడి రావట్లేదు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఆ ఆర్మ్‌కి పోయినేడు నేనే వేసిన రబ్బరు బుష్‌లు అప్పుడే చిరిగాయి. సామాను నాసిదా?

జవాబు: సామాన్ని అనేముందు బిగించిన తీరు చూసుకోండి బాబూ. చక్రం గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడుతుంది. ఆ మెలితోనే తిరిగి తిరిగి చిరుగుతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీదికొచ్చాకే ఆఖరి బిగింపు.

ఇక జాయింట్. దాని కాడ కోసుగా ఉండి నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ) కన్నంలో బిగుసుకుపోతుంది. మన వానలకు తుప్పు తోడు. కాడ మీద కొడితే మర చెడుతుంది తప్ప కదలదు. నట్టు పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద ఉంచి, కన్నం చుట్టూ ఉన్న లావుపాటి ఇనుముకి అటొకటి ఇటొకటి, రెండు సుత్తులతో ఒకేసారి కొట్టండి. టప్పున వదులుతుంది. గంటలకొద్దీ చెమటోడ్చినవాడికి ఆ చప్పుడు ఎంత హాయో నాకు తెలుసు.

నా భయమల్లా ఒకటే. మీ బండికి ముందు టోర్షన్ బార్, అంటే మెలిపడి స్ప్రింగులా బరువు మోసే ఇనుప కడ్డీ, ఉంటుంది. దాని సర్దుబాటు బోల్టు సడలించకుండా ఆర్మ్ విప్పితే చేతులు విరుగుతాయి. సడలించే ముందు బోల్టు ఎంత బయటికుందో కొలిచి రాసుకోండి. జాకీని నమ్మొద్దు, స్టాండు పెట్టండి. నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయండి. చక్రాల అలైన్‌మెంటు మాత్రం ఇంట్లో కుదరదు, శ్రీకాకుళంలోనో బరంపురంలోనో చేయించండి. అందాకా ఘాటీ ఎక్కొద్దు.