ఖతర్ జీతానికి ఇక్కడ పన్ను కట్టాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నిజామాబాద్ జిల్లా. మా ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి 2024 నవంబర్ 12న దోహా వెళ్లారు. ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడి జీతం 4.2 లక్షలు. అక్కడ మార్చి వరకు వచ్చింది మన లెక్కలో 6.3 లక్షలు. గల్ఫ్ జీతానికి పన్ను ఉండదని అందరూ అంటే రిటర్నులో ఇక్కడి జీతం ఒక్కటే చూపించాం. ఇప్పుడు నోటీసు వస్తుందని ఒకరు చెప్పారు. చాలా టెన్షన్‌గా ఉంది. నెలనెలా నాకు పంపే డబ్బుకు కూడా పన్ను పడుతుందా?

జవాబు: అమ్మా, ముందుగా మీ చివరి ప్రశ్న. భర్త భార్యకు పంపే డబ్బుకు పన్ను లేదు. ఎంత పంపినా లేదు. ఆ డబ్బుతో మీ పేరున ఎఫ్‌డీ వేస్తే మాత్రం దాని వడ్డీని ఆయన ఆదాయంలో కలిపి చూపాలి.

అసలు చిక్కు ఆయన వెళ్లిన ఏడాదిది. వీసా పడి విమానం ఎక్కగానే ఎన్నారై అయిపోయినట్టే అని మన దగ్గర చాలామంది నమ్ముతారు. ఆదాయపు పన్ను చట్టం వీసాను చూడదు, రోజులు లెక్కపెడుతుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు 182 రోజులు ఇక్కడ ఉంటే ఆ ఏడాది మొత్తానికీ ఆయన రెసిడెంటే, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసే. మీ ఆయన నవంబర్ 12 నాటికి 226 రోజులు ఉన్నారు. అంతకుముందంతా ఇక్కడే ఉన్న మనిషి కాబట్టి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ ఏడాది ఆదాయం ఇక్కడ చూపాల్సిందే. ఖతర్‌లో జీతం మీద పన్ను లేదు కనుక, అక్కడ కట్టాం, ఇక్కడ తగ్గించండి అనడానికీ వీల్లేదు. సెప్టెంబర్ 28 లోపు వెళ్లి ఉంటే ఈ బాధే ఉండేది కాదు. నియామక పత్రం చేతిలో పెట్టుకుని బయల్దేరబోయే పిల్లలకు ఈ తేదీ చెప్పేవాళ్లు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. శంషాబాద్ నుంచి చాలా విమానాలు అర్ధరాత్రి దాటాకే కదులుతాయి. టికెట్ మీది తేదీ కాదు, పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ ముద్ర తేదీ చూసుకోవాలి.

ఇక లెక్క. రెండు జీతాలూ కలిపి 10.5 లక్షలు. జీతగాళ్లందరికీ ఇచ్చే మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) 75,000 తీస్తే 9.75 లక్షలు. కొత్త పన్ను విధానంలో సెస్సుతో (పన్ను మీద 4 శాతం అదనం) కలిపి పన్ను 49,400 రూపాయలు. వడ్డీ అదనం. వేసిన రిటర్నును సరిదిద్దే రివైజ్డ్ రిటర్న్ గడువు 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. ఇప్పుడు అప్‌డేటెడ్ రిటర్న్, అంటే గడువు దాటాక అదనపు పన్నుతో వేసే రిటర్న్ వేయాలి. 2027 మార్చి 31 లోపు వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం అదనంగా కట్టాలి. ఆ తర్వాతి ఏడాదిలో వేస్తే అది 50 శాతం. నోటీసు వచ్చాక చూద్దాం అనుకోవద్దు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, ఆ ఏడాదికి వర్తించేది 1961 చట్టమే.

రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. దోహా బ్యాంకు ఖాతాను 2024 డిసెంబర్ వరకు విదేశీ ఆస్తుల షెడ్యూల్లో చూపాలి. దీన్ని వదిలేస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటని వాళ్లకు 2024 అక్టోబర్ నుంచి ఆ జరిమానా మినహాయింపు ఇచ్చారు కాబట్టి మీరు భయపడక్కర్లేదు. అయినా చూపించండి.

2025-26కి పరిస్థితి వేరు. సెలవులకు వచ్చి 182 రోజుల లోపే ఉండి వెళ్తే ఆయన నాన్ రెసిడెంట్. భారత్‌లో ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకే 182కి బదులు 120 రోజుల నియమం. నాన్ రెసిడెంట్ అయితే దోహాలో తీసుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. కానీ జీతం ముందు అక్కడి ఖాతాలోనే పడాలి. కంపెనీతో నేరుగా ఇక్కడి ఖాతాలో వేయించుకుంటే ఇక్కడ అందుకున్న ఆదాయమనే వివాదం వస్తుంది. ఆయన పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్నారైల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించండి. విదేశీ సంపాదన వేసుకునే ఎన్ఆర్ఈ ఖాతా కూడా ఒకటి తెరవండి, దాని వడ్డీకి పన్ను ఉండదు.

ఆడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రాకపోకల ముద్రలున్న పాస్‌పోర్టు పేజీల జిరాక్సు, దోహా జీతం స్లిప్పులు, అక్కడి బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళ్లండి.