కాకినాడ ఉండగా జంక్షన్ సామర్లకోటలో ఎందుకు?

ప్రశ్న: మాది కాకినాడ. హౌరా, చెన్నై వైపు పెద్ద బళ్లు ఎక్కాలంటే లగేజీతో సామర్లకోట పరుగెత్తాలి, అదో టెన్షన్. పోర్టు ఇక్కడ, జిల్లా కేంద్రం ఇక్కడ. మరి జంక్షన్ అక్కడెందుకు పెట్టారు? ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఎలా వచ్చాయి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కాకినాడ మీద చిన్నచూపుతో చేసిన పని కాదండీ, గోదావరి అలా నడిపించింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వాళ్లు 1893–96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా లైను వేశారు. గోదావరిని ఎక్కడో ఒకచోట దాటాలి కదా. ధవళేశ్వరం దిగువకి వస్తే నది పాయలుగా చీలిపోతుంది, అక్కడ దాటాలంటే ఒక్క వంతెనతో సరిపోదు, పైగా లంకలు, కాలవలు, వరదలు. అందుకే నది ఇంకా ఒక్కటిగా ఉన్న రాజమండ్రి దగ్గర దాటారు. ఆ హేవలాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో పూర్తయింది, అప్పటిదాకా ఈ ఒడ్డున రైలు, ఆ ఒడ్డున రైలు, మధ్యలో పడవ! రాజమండ్రి నుంచి ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా డెల్టా అంచు పట్టుకుని పిఠాపురం, తుని వైపు వెళ్లే దారిలో సామర్లకోట పడుతుంది, కాకినాడ పడదు. కాకినాడకి వెళ్లాలంటే సముద్రం వైపు దిగి మళ్లీ పైకి రావాలి. అందుకని సుమారు 15 కిలోమీటర్ల బ్రాంచి లైను వేసి పోర్టుని కలిపారు.

అయితే రైలు రాకముందే సామర్లకోట ఒక కూడలి, ఈ సంగతి చాలామంది మర్చిపోయారు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు పొలాలకి నీళ్లివ్వడంతో ఆగలేదు, వాటిమీద పడవల్లో సరుకూ జనమూ తిరిగేవారు. ధవళేశ్వరం నుంచి సామర్లకోటకి, అక్కడినుంచి కాకినాడకి పడవ దారి ఉండేది. ఆ కాలవ ఊళ్లోకి రైలు కూడా వచ్చేసరికి ఫ్యాక్టరీ పెట్టేవాళ్లకి ఇంకేం కావాలి?

డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ అలా వచ్చిందే. అందులో చెరకు బెల్లంతో పాటు తాటిబెల్లాన్ని కూడా శుద్ధి చేసి పంచదార తీసేవారు, పక్కనే సారా బట్టీ. మన తాటిచెట్ల నీరా (పులియని తీపి రసం) బెల్లమై, ఆ బెల్లం మిల్లుకెళ్లి పంచదారై బయటికి వెళ్లిందన్నమాట. నాకైతే ఈ జిల్లా పరిశ్రమల చరిత్రలో ఇంతకంటే ఆసక్తికరమైన ముక్క లేదనిపిస్తుంది, దాని గురించి ఇంత తక్కువ రాయడం బాధగానూ ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ ప్యారీ కంపెనీ వాళ్ల చేతుల్లో చాలాకాలం నడిచి తర్వాత నవభారత్ కంపెనీ వాళ్లకి వెళ్లింది. మీ ఇంట్లోగానీ తెలిసినవాళ్లలోగానీ అక్కడ పనిచేసిన పెద్దవాళ్లుంటే వాళ్లు చెప్పేది రాసిపెట్టండి, మాకు పంపితే తప్పకుండా వేస్తాం.

సగ్గుబియ్యం మిల్లుల కథ వేరు. వాటిని తెచ్చింది రైలు కాదు, మెట్ట. సామర్లకోట దాటి పెద్దాపురం, రంగంపేట వైపు వెళ్తే కర్రపెండలం తోటలు, ఆ దుంప తవ్వాక రెండు మూడు రోజుల్లోనే పాడైపోతుంది, కాబట్టి మిల్లు పొలానికి దగ్గర్లో ఉండాల్సిందే. కిందకి దిగితే వరి, పైకెక్కితే దుంప, చెరకు. రెండు రకాల పంటలూ అందే చోట సామర్లకోట ఉండటమే దాని బలం. ఎరువుల ఫ్యాక్టరీలు మాత్రం కాకినాడ వైపే వచ్చాయి, దిగుమతి ముడిసరుకు వాడేవాటికి పోర్టు కావాలి మరి.

పిఠాపురం నుంచి కాకినాడకి నేరుగా లైను వేసి మెయిన్ లైన్లో కలపమని దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదే.

ప్రశ్న: కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలు ఒకప్పుడు పీకేశారంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: నిజమే. 1928లో వేసిన లైను అది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో పట్టాలు ఊడదీసి వేరేచోటికి పట్టుకెళ్లారు. మళ్లీ 2004లో గానీ రైలు తిరగలేదు, అంటే మధ్యలో రెండు తరాల కోనసీమ జనం బస్సులూ రేవులూ పట్టుకుని తిరిగారు. దాన్ని నరసాపురం దాకా పొడిగించాలంటే గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలమీదా వంతెనలు కావాలి. పై జవాబులో చెప్పిన నది చీలిక చిక్కే ఇది, రాజమండ్రిలో ఒక్క వంతెనతో తప్పించుకున్నది ఇక్కడ తప్పదు.