బ్రౌన్ బెల్టు వచ్చాక కరాటే వదిలి జూడోకు మారవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మూడేళ్ళుగా కరాటే నేర్చుకుంటూ బ్రౌన్ బెల్టు వరకు వచ్చింది. ఈ వేసవిలో స్నేహితురాలి వెంట కొద్ది రోజులు జూడో శిక్షణకు వెళ్ళి, ఇకమీదట అదే నేర్చుకుంటానంటోంది. మా వీధిలో తైక్వాండో అకాడమీ కూడా ఉంది. కాళ్ళతో కొట్టడం ఇప్పటికే వచ్చు కాబట్టి తమ దగ్గర చేరితే త్వరగా పైకి వస్తుందని అక్కడి మాస్టరుగారు అంటున్నారు. బ్లాక్ బెల్టు రాకుండా మానేస్తే మూడేళ్ళ శ్రమ వృథా అని మావారి అభిప్రాయం. ఆత్మరక్షణకూ, రేపు ఉద్యోగానికీ ఏది పనికొస్తుంది? పదో తరగతి చదువు దెబ్బతినదు కదా? – ఒక తల్లి, విజయనగరం

సమాధానం: అమ్మా, మూడేళ్ళపాటు ఒకే విద్యను విడవకుండా సాధన చేసిన పిల్ల మరొక విద్యను చూసి ఇష్టపడితే దాన్ని నిలకడలేనితనంగా భావించకండి. ఏదీ తెలియకముందు ఇంటికి దగ్గరగా ఉందని కరాటేలో చేర్పించి ఉంటారు. ఇప్పుడు తన శరీరం ఎలా కదులుతుందో, తనకు ఏది నచ్చుతుందో ఆమెకు కొంత తెలిసింది. కాబట్టి ఆమె మాటకు విలువ ఇవ్వవలసిన సమయం ఇదే. అయితే కొద్ది రోజుల వేసవి అనుభవం మీద శాశ్వత నిర్ణయం కూడా తీసుకోవద్దు. మీవారికీ అమ్మాయికీ మధ్య వివాదం కళల పేర్ల మీద నడుస్తోంది. నా దృష్టిలో చూడవలసినవి రెండు: నేర్పే గురువు ఎలాంటివారు, అక్కడి నుంచి గుర్తింపు పొందిన పోటీలకు దారి ఉందా. ఈ రెండూ బాగున్న చోట ఉన్న కళే మీ అమ్మాయికి మంచి కళ.

ముందుగా బెల్టు సంగతి. బెల్టు అనేది ఆ శిక్షణ సంస్థ, ఆ శైలి తన విద్యార్థుల ప్రగతిని కొలవడానికి పెట్టుకున్న అంతర్గత గుర్తు. కరాటేలో అనేక శైలులు, అనేక సంఘాలు ఉన్నందువల్ల ఒక చోటి బ్లాక్ బెల్టుకు మరొక చోట అదే విలువ దక్కుతుందన్న హామీ లేదు. తైక్వాండోలో సియోల్‌లోని కేంద్ర సంస్థ కుక్కివాన్ జారీ చేసే ధ్రువపత్రానికి ప్రపంచమంతటా గుర్తింపు ఉంది గానీ, అక్కడ కూడా పదిహేనేళ్ళు నిండని పిల్లలకు ‘డాన్’ అనే బ్లాక్ బెల్టు హోదా బదులు ‘పూమ్’ అనే పిల్లల హోదా ఇస్తారు. ఉద్యోగ నియామకాల్లో క్రీడా కోటా కింద పరిశీలించేది పోటీల్లో ప్రాతినిధ్యాన్ని, పతకాలను. బెల్టు రంగును కాదు. అందుచేత బ్లాక్ బెల్టు పరీక్ష మరో నాలుగైదు నెలల్లో ఉందంటే అది పూర్తి చేయించండి, మొదలుపెట్టిన పనిని ముగించిన తృప్తి ఆ వయసులో చాలా బలాన్నిస్తుంది. ఇంకా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుందంటే దాని కోసం మాత్రమే ఆపవద్దు. మూడేళ్ళ కరాటే వల్ల వచ్చిన నిలకడైన నిలుచునే తీరు, ఎదుటివారి దూరాన్ని అంచనా వేసే చూపు, దెబ్బకు బెదరని గుణం జూడో మ్యాట్ మీద కూడా ఆమెతోనే ఉంటాయి.

ఇక కళల మధ్య తేడా. కరాటేలో చేతితో, కాలితో కొట్టడం ప్రధానం. పోటీల్లో ఒంటరిగా ప్రదర్శించే కటా, ఎదురుబొదురుగా తలపడే కుమితే అని రెండు విభాగాలు ఉంటాయి. తైక్వాండో పోటీల్లో పాయింట్లు ఎక్కువగా తన్నుల వల్లనే వస్తాయి, తలకు తగిలిన తన్నుకు మరింత ఎక్కువ. ఒకే బరువు విభాగంలో కాళ్ళు పొడవైన అమ్మాయికి అక్కడ కొంత అనుకూలత ఉంటుంది. జపాన్‌లో 1882లో జిగోరో కానో ప్రారంభించిన జూడోలో కొట్టడం లేదు. ప్రత్యర్థి దుస్తులు పట్టుకొని, బరువు తూకం తప్పించి పడవేయడం, నేల మీద అదిమిపట్టడం ఉంటాయి. మీ అమ్మాయికి జూడో నచ్చడానికి కారణం ఏమిటో ఆమెనే అడగండి. పట్టులోని బిగువు, ఎదుటి మనిషి బరువును తన శరీరంతో తెలుసుకోవడం నచ్చాయని చెబితే ఆ ఇష్టం నిలుస్తుంది. స్నేహితురాలు ఉందని మాత్రమే చెబితే ఆ స్నేహితురాలు మానేసిన రోజున ఇదీ ఆగిపోవచ్చు.

రెండు నెలలు జూడోకు పంపండి, వారానికి ఒక రోజు కరాటే కొనసాగించనివ్వండి. ఆ రెండు నెలల్లో మీరు స్వయంగా వెళ్ళి కూర్చొని చూడండి. బయట నిలబెట్టి లోపలికి రానివ్వని చోట పిల్లను ఉంచవద్దు. మంచి జూడో గురువు మొదటి వారాల్లో పడవేయడం కంటే పడటం నేర్పుతారు: గడ్డం ఛాతీకి ఆనించి, చేతితో మ్యాట్‌ను చరుస్తూ, తల నేలకు తగలకుండా పడటం. అది సరిగా రాకముందే పోటీకి దింపేవారిని నేను నమ్మను. మ్యాట్లు మందంగా, ఖాళీలు లేకుండా పరిచి ఉన్నాయా, అమ్మాయిలు ఎంతమంది ఉన్నారు, దుస్తులు మార్చుకోవడానికి గది ఉందా, శరీరాన్ని తాకి నేర్పవలసిన విద్య కనుక గురువు ఆ విషయంలో ఎంత మర్యాదగా, అందరి ఎదుటా నడుచుకుంటున్నారు అన్నవి తల్లిగా మీరే చూడగలరు. వీటితోపాటు, బాగా ఓడిపోయిన రోజు మర్నాడు అమ్మాయి తనంతట తాను సంచీ సర్దుకుంటోందా లేదా అన్నది గమనించండి.

ఉద్యోగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే. కేంద్ర ప్రభుత్వ శాఖలు గ్రూప్-సి ప్రత్యక్ష నియామకాల్లో గరిష్ఠంగా 5 శాతం వరకు ప్రతిభావంతులైన క్రీడాకారులను తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో తన ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. కేంద్రం గుర్తించిన క్రీడల జాబితాలో బాక్సింగ్, జూడో, కరాటే, తైక్వాండో, రెజ్లింగ్ ముందు నుంచీ ఉన్నాయి. 2020లో మరో 20 క్రీడలను చేర్చినప్పుడు వుషు, కుడో, పెంచాక్ సిలాట్ వంటి పోరాట కళలు కూడా వచ్చాయి. అంటే జాబితా వరకు చూస్తే మీ అమ్మాయి ముందున్న మూడు కళలూ సమానమే. తేడా ధ్రువపత్రంలో ఉంటుంది. అంతర్జాతీయ పోటీలకు జాతీయ సమాఖ్య కార్యదర్శి, జాతీయ పోటీలకు జాతీయ సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధిపతి, జాతీయ పాఠశాల క్రీడలకు రాష్ట్ర విద్యాశాఖలో క్రీడల బాధ్యత చూసే అధికారి, నిర్ణీత నమూనాలో సంతకం చేసి ఇచ్చిన పత్రమే చెల్లుతుంది.

ఇప్పుడు ఊరూరా జరిగే ‘జాతీయ స్థాయి’, ‘అంతర్జాతీయ స్థాయి’ ఓపెన్ పోటీలను ఈ కొలతతో చూడండి. ప్రవేశ రుసుము కట్టిన ప్రతివారూ నేరుగా పాల్గొనే పోటీలో జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి దేశానికి ఎంపిక అనేది ఉండదు. అక్కడి పతకం పిల్లకు ఉత్సాహాన్నిస్తే మంచిదే గానీ, నియామక సంస్థ ముందు అది పనికిరాదు. ఈ బెడద అన్ని కళల్లోనూ ఉన్నా, సంఘాలు ఎక్కువగా ఉన్న కరాటేలో మరింత కనిపిస్తుంది. జూడోకు 1964 టోక్యో నుంచి ఒలింపిక్ చరిత్ర ఉంది. మహిళల పతక పోటీలు 1992లో మొదలయ్యాయి. తైక్వాండో 2000 సిడ్నీలో పతక క్రీడ అయింది. కరాటే 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్కసారి కనిపించి 2024 పారిస్‌లో లేకుండా పోయింది, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు. ఒలింపిక్ క్రీడలకు ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు, ఉపకార వేతనాలు ఎక్కువగా అందుతాయి కనుక, పోటీల బాటలో వెళ్ళాలన్న కోరిక అమ్మాయికి ఉంటే జూడో వైపు మొగ్గడం తెలివైన పనే.

ఇది చెబుతూనే మరొకటి కూడా చెప్పాలి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరాల్లో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచి, 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ అయ్యారు. ఆమెను చూసి ప్రతి అమ్మాయీ స్ఫూర్తి పొందాలి, కానీ ఆ స్థాయికి చేరేవారు కొద్దిమందే కనుక ఇంటి లెక్క దాని మీద వేయకూడదు. పతకాలు రాకపోయినా ఈ రంగంలో నిలబడే దారి శిక్షణ, బోధన. పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు కావాలంటే బ్లాక్ బెల్టు చాలదు. వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి, ఇంటర్ తరువాత యూజీ డీపీఈడీ అనే డిప్లొమా గానీ, డిగ్రీ తరువాత బీపీఈడీ అనే డిగ్రీ గానీ చేయాలి. కోచ్ కావాలంటే పటియాలాలో 1961 నుంచి ఉన్న నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమాకు మంచి విలువ ఉంది. రెండు దారుల్లోనూ చదువు తప్పనిసరి.

ఆత్మరక్షణ విషయంలో ఏ కళా పూర్తి రక్షణ ఇస్తుందని చెప్పలేను. చేయి పట్టి లాగేవారి నుంచి విడిపించుకోవడానికి, తోసినా తల పగలకుండా పడటానికి జూడో బాగా ఉపకరిస్తుంది. దూరం నుంచే ఒక దెబ్బ వేసి తప్పించుకోవడానికి కరాటే ఉపకరిస్తుంది. ఆమెకు ఇప్పుడు ఒకటి వచ్చు, రెండోది రాబోతోంది. ఎదిరించడం కంటే ముందు గట్టిగా అరవడం, పరుగెత్తడం, 112కు ఫోన్ చేయడం అలవాటు కావాలని ఆమెకు స్పష్టంగా చెప్పండి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. జూడో, తైక్వాండో, బాక్సింగ్ అన్నీ బరువు విభాగాల మీద నడిచేవి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్ ఫైనల్ ముందు 100 గ్రాముల బరువు ఎక్కువై అనర్హురాలైన సంగతి దేశమంతా చూసింది. అంతటి అనుభవజ్ఞులకే కష్టమైన పనిని ఎదుగుతున్న పిల్ల చేత చేయించకూడదు. పోటీ ముందు భోజనం, నీళ్ళు మానిపించే కోచ్ ఎంత పేరున్నవారైనా సరే, అమ్మాయిని ఆయన దగ్గర ఉంచకండి. ఆమె ఉన్న బరువులోనే ఆడనివ్వండి. నెలసరి క్రమం తప్పినా, తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్నాయన్నా సాధన ఆపి వైద్యులకు చూపించాలి.

పదో తరగతి గురించి నాకు పెద్ద భయం లేదు. వారానికి మూడు రోజులు, గంటన్నర చొప్పున సాధన చేస్తే చదువు నిలబడుతుంది. పరీక్షలకు ముందు రెండు నెలలు దాన్ని ఒక రోజుకు తగ్గించవచ్చు. అసలు సమస్య ఆ తరువాత వస్తుంది. ఇంటర్మీడియట్‌లో ఉదయం నుంచి రాత్రి వరకు తరగతులు నడిపే రెసిడెన్షియల్ కళాశాలలో చేర్పిస్తే, నాలుగైదేళ్ళ సాధన ఆ రెండేళ్ళలో ఆగిపోతుంది. పాఠశాల క్రీడల్లో అండర్-19 విభాగానికి ఎంపికయ్యే వయసు సరిగ్గా అదే. ఇంజినీరింగ్, వైద్య ప్రవేశ పరీక్షల వైపు వెళ్ళాలనుకుంటే జూడోను ఆరోగ్యం కోసం ఉంచుకోండి, పోటీల ఆశ పెట్టవద్దు. పోటీల బాటే కావాలనుకుంటే సాయంత్రాలు ఖాళీ ఉండే జూనియర్ కళాశాలను ఇప్పటి నుంచే వెతకండి. ఈ నిర్ణయంలో అమ్మాయిని, మీవారిని ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడండి. ఫీజు, దుస్తులు, ప్రయాణాల ఖర్చు ఎంతో కాగితం మీద రాసి ముగ్గురూ చూడండి.

రెండు నెలల గడువు ముగిసేలోగా మీరు చేయవలసిన పని మరొకటి ఉంది. జూడో కోచ్‌ను కలిసి, ఆయన శిష్యుల్లో గత రెండేళ్ళలో ఎవరైనా పాఠశాల క్రీడల సమాఖ్య రాష్ట్ర పోటీలకు ఎంపికయ్యారా అని అడిగి, ఆ ధ్రువపత్రం ఒకటి చూపించమనండి. అదే ప్రశ్న కరాటే, తైక్వాండో మాస్టర్లను కూడా అడగండి. ఆ పత్రం మీద ఎవరి సంతకం ఉందో చదివాక అమ్మాయి పేరు ఎక్కడ నమోదు చేయాలో నిర్ణయించండి.